పికిలికీ పిక్కిలికీ నడుమ

మంగళవారం ఉదయం 10 గంటల 20 నిమిషాలకు ఆశ్రయం గేటు దాటాను. ధర్మపురి బస్టాండు నుంచి ఆ గేటుకు 740 మీటర్లు. చెట్టికరై దగ్గరున్న మా ఇంటి నుంచి 8.2 కిలోమీటర్లు. లోపల పన్నెండు మంచాలు, పదకొండుమంది స్త్రీలు, ఒక బరువు యంత్రం, రెండు బి.పి. పరికరాలు. బరువు యంత్రం 1.3 కిలోలు ఎక్కువ చూపుతోంది. ఒక బి.పి. పరికరం ముల్లు సున్నకు దిగకుండా 4 దగ్గర ఆగిపోతోంది. ఇవన్నీ ఆ రోజు నోటుపుస్తకంలో రాసుకున్నవి కాబట్టి కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. 11 గంటల 5 నిమిషాలకు నేను చేసిన తప్పు మాత్రం ఆ పుస్తకంలో లేదు. అది తప్పని తెలియడానికి పన్నెండు రోజులు పట్టింది.

కొలత పరికరాలను సరిచూడటం నా వృత్తి. రేషన్ దుకాణాల తక్కెడల నుంచి ఆసుపత్రుల ఆక్సిజన్ మీటర్ల దాకా, ఏది ఎంత తప్పు చూపుతోందో కనిపెట్టి, సరిచేసి, ముద్ర వేసి, కాగితం రాసిస్తాను. వీధుల్లో మతి తప్పి తిరిగే ఆడవాళ్ళను చేర్చుకునే ఆ చిన్న ఆశ్రయానికి మూడు నెలలకొకసారి ఊరికే చేసిపెడతాను. విరాళాలతో నడిచే చోటు అది. బుధవారం బుధవారం మానసిక వైద్యుడు వస్తాడు. మిగతా రోజుల్లో అంతా ఒక నర్సమ్మే.

ఆ రోజు బరువు యంత్రం కింద పలక విప్పుతుండగా ఆ నర్సమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. తమిళావిడ, ఉత్తంగరై వైపు మనిషి.

“సార్, మీరు ఇంట్లో తెలుంగే కదా మాట్లాడేది?”

“అవును.”

“ఏడో మంచం ఆవిడ మీ భాషే అనుకుంటాను. వచ్చి ఆరు రోజులయింది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మాకు మిగిలింది తొమ్మిది రోజులు.”

తొమ్మిది రోజులు ఎందుకో ఆమే చెప్పింది. ఆశ్రయంలో ఎవరినైనా ఉంచుకోగలిగింది పదిహేను రోజులు. ఆలోగా ఊరు తెలిస్తే ఇంటికి చేరుస్తారు. తెలియకపోతే 158 కిలోమీటర్ల దూరంలో, మరో జిల్లాలో ఉన్న పెద్ద ఆశ్రమానికి పంపేస్తారు. అక్కడ నాలుగు వందలమంది. అక్కడికి వెళ్ళినవాళ్ళు ఊరికి తిరిగి రావడం అరుదు. పైగా ఈమె తల వెనుక పాత దెబ్బ ఒకటి ఉంది. పెద్ద ఆసుపత్రిలో స్కాన్ తీయించాలని వైద్యుడు రాశాడు. స్కాన్‌కు బీమా కార్డు కావాలి. బీమా కార్డుకు రేషన్ కార్డు కావాలి. రేషన్ కార్డుకు చిరునామా కావాలి. చిరునామాకు ఊరి పేరు కావాలి. అంతా వచ్చి ఒక్క మాట మీద ఆగింది.

స్క్రూడ్రైవరు చేతిలో పట్టుకునే ఏడో మంచం దగ్గరికి వెళ్ళాను. నలభై ఏళ్ళ మనిషి. గుండు. గుండు మీద నల్లటి మందు పూత. సూది మందు ప్రభావానికి దవడ బిగుసుకుపోయి, మాట నాలుక కింద నలిగి వస్తోంది.

“ఈమెకు ముక్కు నొప్పి సార్,” అంది నర్సమ్మ. “చేరిన రోజు గుండు గీస్తుంటే ‘మూక్కు, మూక్కు’ అని ఒకటే అరుపు. టార్చి వేసి చూశాం. ముక్కులో ఏమీ లేదు. డాక్టరుకూ చెప్పాను.”

తమిళంలో మూక్కు అంటే ముక్కే. నేను ఆమె వైపు వంగి, మా ఇంటి తెలుగులో అడిగాను.

“ఏమక్కా, ముక్కు నొస్తాందా?”

ఆమె కళ్ళు నా మీద నిలిచాయి. ఆరు రోజుల తరువాత అర్థమయ్యే మాట విన్న మనిషి చూపు ఎలా ఉంటుందో నేను వర్ణించలేను. దానికి నా దగ్గర కొలత లేదు. చెయ్యి ఎత్తి గుండు తడుముకుంది.

“మొక్కు,” అంది. “ఎల్లమ్మకి మొక్కు. మూడేండ్లాయె. ఎంట్రికలు తీసేసినారే.”

నర్సమ్మకు వివరించాను. ముక్కు కాదు, మొక్కు. దేవతకు ఇస్తానని పెంచిన జుట్టు. నర్సమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. దెబ్బ పుండై పురుగులు పట్టింది కాబట్టి గుండు గీయక తప్పలేదు. అందులో ఆమె తప్పు లేదు. అయినా ఆ జుట్టు ఏమైందని అడిగితే, ఆరు రోజుల కిందటే మునిసిపాలిటీ చెత్తబండిలో పోయిందని చెబుతున్నప్పుడు ఆమె గొంతు తగ్గింది.

ఆ క్షణంలో నేను చాలా సంతోషించాను. ఒక ఆసుపత్రి కాగితం మీద ఆరు రోజులుగా కూర్చున్న తప్పును ఒక్క ప్రశ్నతో పట్టుకున్నాను. సున్న దగ్గర ఆగని ముల్లును సున్నకు తెచ్చినప్పుడు కలిగే తృప్తి అది. తరువాతి తప్పుకు పునాది పడింది అక్కడే.

“ఊరేదక్కా?” అన్నాను.

ఆమె పెదవులు కూడదీసుకుని ఏదో అంది. మళ్ళీ అడిగాను. మళ్ళీ అంది. మూడోసారి నాకు స్పష్టంగా వినిపించింది: పికిలిని ఇడిసిపెట్టు.

“ఏమంటోంది సార్? పిక్కిలి అంటోందా?” అంది నర్సమ్మ. “ఏరియూరు పోయే దారిలో ఆ పేరుతో ఊరొకటి ఉన్నట్టు విన్నాను. మా పెద్దమ్మ కోడలు అటువైపే.”

“కాదమ్మా. తెలుగులో పికిలి అంటే పిట్ట. తల మీద కుచ్చు, తోక కింద ఎర్రగా ఉంటుందే, అది. పిట్టను వదిలిపెట్టు అంటోంది.”

“నిజంగానా?”

“నిజంగా.”

అయినా సరిచూసుకోవాలనుకున్నాను. సరిచూసుకోవడం నా అలవాటు. “పికిలి యాడుందక్కా?” అని అడిగాను. ఆమె చెయ్యెత్తి కిటికీ చూపింది. కిటికీ బయట మునగచెట్టు. మునగచెట్టు కొమ్మ మీద, తల మీద కుచ్చుతో, తోక కింద ఎర్రగా, ఒక పికిలిపిట్ట.

రెండు వేర్వేరు పద్ధతుల్లో కొలిచినా ఒకే అంకె వస్తే ఆ అంకెను నమ్మమని మాకు నేర్పారు. నమ్మాను. ఆ కిటికీ పడమటి గోడకు ఉందనీ, ధర్మపురికి పెన్నాగరం పడమరనే ఉందనీ నాకు తోచలేదు. నర్సమ్మ నోటుపుస్తకంలో తమిళంలో ‘పిక్కిలి – ఊరు?’ అని రాసుకున్నది నా ఎదుటే కొట్టేసి, ‘పక్షి’ అని రాసింది. ఫోను నా చొక్కా జేబులోనే ఉంది. పటంలో ఆ పేరు వెతికి చూడటానికి నాలుగైదు సెకన్లు చాలు.

పికిలి అన్న మాట నాకు ఎలా తెలిసిందో చెప్పాలి. మా వాళ్ళు ఇక్కడ స్థిరపడి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చదువంతా తమిళంలోనే. తెలుగు అక్షరాలు నేను ముప్పై ఒకటో ఏట నేర్చుకున్నాను, తిరుపతిలో నాలుగేళ్ళు ఉద్యోగం చేసినప్పుడు. బస్సుల మీద బోర్డులతో మొదలుపెట్టి, పాత పుస్తకాల అంగడిలో కొన్న పిల్లల బొమ్మల పుస్తకంతో గట్టిపరుచుకున్నాను. పక్షుల పుస్తకం. పన్నెండో పేజీలో పికిలిపిట్ట. మా ఇంట్లో ఎవరి నోటా వినని మాటను అచ్చులో చదివి, ఇదీ అసలైన తెలుగు అని మురిసిపోయిన రోజు నాకు గుర్తుంది.

ఆశ్రయానికి రోజూ సాయంత్రం నాలుగున్నరకు ఒక వృద్ధ కన్యాస్త్రీ వచ్చేవారు. అందరూ మదర్ అనేవారు. ఆమె చేతిలో ఒక రేకు డబ్బా; అందులో విభూతి పొట్లం, కుంకుమ, మరియమ్మ బిళ్ళలు, దర్గా నుంచి తెచ్చిన పచ్చదారం. ఒక్కొక్కరి దగ్గరా ఇరవై నిమిషాలు కూర్చుంటారు. అడిగేది ఒకే ప్రశ్న: “నువ్వు ఎవరిని పిలుస్తావమ్మా?” వాళ్ళు ఏ పేరు చెబితే డబ్బాలోంచి ఆ పేరుకు చెందినది తీసి ఇస్తారు. పేరు చెప్పని వాళ్ళ దగ్గర ఊరికే కూర్చుంటారు. వైద్యుడు ఇచ్చే మాత్రలు మింగనని మొండికేసిన వాళ్ళు ఆమె చేతి నుంచి మింగేవారు.

ఆ వారం నేను రెండుసార్లు ఏదో వంక పెట్టుకుని అటు వెళ్ళాను. సరిచేసిన ముల్లు మళ్ళీ ఒకసారి చూడాలని ఒక వంక. నిజానికి నాకు కుదురు లేదు. పికిలి ఎందుకు? ఎవరు పట్టుకున్నారు? ఎక్కడ వదలాలి? ఈ ప్రశ్నలు బండి మీద వెంట వచ్చేవి, ఎర్రలైటు దగ్గర ఆగితే ఇంకా గట్టిగా వినిపించేవి. మదర్ మాత్రం ఆ మాటను తన పద్ధతిలో అందుకున్నారు.

“పంజరం ఎక్కడుందో మనకెందుకు? లోపల ఉన్నది బయటికి పోవాలని అడుగుతోంది. అంతకంటే గొప్ప ప్రార్థన నేను వినలేదు,” అన్నారు నాతో.

రోజూ ఆమెను మునగచెట్టు కిందికి నడిపించుకుని వెళ్ళి, కూర్చోబెట్టి, పిట్టను వదిలిపెట్టు దేవా అని తమిళంలో ప్రార్థించేవారు. పికిలిపిట్టలు వచ్చేవి, పోయేవి. ఏడో మంచం ఆమె వాటి వైపు చూసేది కాదు. పడమటి గోడనే చూసేది. అది రోగ లక్షణమని నర్సమ్మ రాసుకుంది. అది దిక్కు.

పదిహేనో రోజు, గురువారం ఉదయం 6 గంటల 40 నిమిషాలకు వ్యాను వచ్చి ఆమెనూ మరో ఇద్దరినీ 158 కిలోమీటర్ల అవతలికి తీసుకుపోయింది. వ్యాను ఎక్కేటప్పుడు ఎంతో సంబరంగా ఎక్కిందట. మాట విన్నారనుకుంది. ఇది నాకు తరువాత తెలిసింది.

ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో సంగటి, అనపగింజల పులుసు. అమ్మ వడ్డిస్తూ, నేను ముద్ద మింగకుండా చేతిలో పట్టుకుని కూర్చోవడం చూసింది.

“ఏంరా, వారం నుంచి కాలుకాలిన పిల్లి మాదిరి తిరగతాండావు? తినేది లేదా?”

చెప్పాను. గుండు, మొక్కు, ముక్కు వరకు వచ్చేసరికి అమ్మ గట్టిగా నవ్వి, వెంటనే నాలుక కరుచుకుని, “ఎల్లమ్మ తల్లీ, తప్పు,” అని చెంపలేసుకుంది. తరువాత పికిలి సంగతి చెప్పాను. అమ్మ గరిటె గిన్నెలో ఆపింది.

“ఏం పిట్ట?”

“పికిలిపిట్ట.”

“అదేం పిట్టరా?”

తల మీద కుచ్చు, తోక కింద ఎరుపు అన్నాను.

“అది కొండకురివి గదా! నువ్వు చిన్నప్పుడు దాని గూడు పీకి నా చేత దెబ్బలు తినలేదా? ఈ సీమలో ఏ తెలుగోళ్ళు దాన్ని పికిలి అంటారు? నేను పుట్టి డెబ్బై ఏండ్లాయె, వినింది లేదు.”

“పుస్తకంలో ఉందమ్మా.”

“ఆయమ్మ పుస్తకం చదివినాదా?” అంది అమ్మ.

నేను ముద్ద కంచంలో పెట్టేశాను.

“పిక్కిలంటే ఊరురా. పెన్నాగరం అవతల. మీ నాయన ఆడికి రాగులు కొననీకి పోయేవాడు. ఆయమ్మ ఏమనిందో సరిగ్గా చెప్పు.”

“పికిలిని ఇడిసిపెట్టు.”

“పిక్కిలికి ఇడిసిపెట్టు,” అంది అమ్మ, పసిబిడ్డకు మాటలు నేర్పినట్టు ఒక్కో అక్షరం విడదీసి. “బస్సులో కండక్టరుకి ఏం చెప్తారు? నన్ను ధర్మపురికి ఇడిసిపెట్టప్పా అనరా? ఇంటికి ఇడిసిపెట్టమని అడిగితే పిట్ట అంటివే నాయనా. నేను నేర్పిన తెలుగు చాలలేదా నీకు?”

ఒక క-వత్తు. ‘కి’ అనాల్సిన చోట ‘ని’. తేడా అంతే. ఎడమ చేత్తోనే ఫోను తీసి పటంలో వెతికాను. వచ్చింది. చేయి కడుక్కోకుండానే నర్సమ్మకు ఫోన్ చేశాను. అంతా విని ఆమె అన్న మాట ఇది:

“మూక్కు నాది, పక్షి మీది. లెక్క సరిపోయింది సార్. ఇప్పుడు ఆవిడ సంగతి చూడండి.”

సోమవారం పొద్దున్నే బండి తీశాను. ఈసారి కంటితో చూడనిదే ఎవరికీ ఏమీ చెప్పదలుచుకోలేదు. నా బండి మీటరు ప్రకారం మా గుమ్మం నుంచి పిక్కిలికి 47.3 కిలోమీటర్లు. పెన్నాగరం దాటాక రెండుచోట్ల దారి అడిగాను. రెండుచోట్లా తమిళంలో అడిగాను, రెండోచోట తెలుగులో జవాబు వచ్చింది. ఊళ్ళో టీ అంగడి దగ్గర “జుట్టు మొక్కుకున్న ఆడమనిషి, కొన్నాళ్ళుగా కనపడలేదు” అనగానే ఒకావిడ నా బండి హ్యాండిల్ పట్టుకుంది.

“బతికుండాదా సామీ?”

ఆమె పక్కింటావిడ. చూపించిన ఇంటికి తాళం. అక్కాచెల్లెళ్ళిద్దరే ఆ ఇంట్లో ఉంటారనీ, ఇద్దరూ కూలికి పోయేవాళ్ళేననీ, చెల్లెలికి మూడేళ్ళుగా మనసు బాగుండదనీ, పెన్నాగరంలో ఇచ్చే మాత్రలు రెండు నెలలు దొరకక ఒకరోజు సంతలో తప్పిపోయిందనీ చెప్పింది. అక్క రెండు మేకలు అమ్మి వెతకడం మొదలుపెట్టింది. సేలం వెళ్ళింది. ధర్మపురి బస్టాండులో రేషన్ కార్డు ఫొటో పట్టుకుని నాలుగు రోజులు నిలబడింది. ఎవరో బెంగళూరులో చూశామంటే, కట్టడం పనివాళ్ళ వెంట బెంగళూరు పోయింది. ఆమెకు ఫోను లేదు. పక్కింటావిడ మేస్త్రీ నంబరు ఇచ్చింది; అది ఆ రోజంతా పనిచేయలేదు.

బస్టాండులో నిలబడిన నాలుగు రోజులు ఏవని అడిగాను. పక్కింటావిడ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. అందులో రెండు రోజులు నేను సరిచేసిన ముల్లు చూసే వంకతో ఆశ్రయానికి వెళ్ళిన రోజులు. 740 మీటర్లు.

పంచాయతీ కాగితం, రేషన్ కార్డు నకలు, ఆశ్రమానికి ఉత్తరం, వీటికి మంగళవారం గడిచింది. బుధవారం నర్సమ్మ సెలవు దొరకక రాలేదు. మదర్, నేను వ్యానులో వెళ్ళాం. పెద్ద హాలు. నేల మీద వరుసగా చాపలు. కిటికీలన్నీ ఉత్తరం వైపే. ఆమె గోడకు తల ఆనించి కూర్చుని ఉంది. కింది వరుసలో ముందు పన్ను లేదు. స్నానాల గదిలో జారి పడిందని చెప్పారు. వచ్చిన రోజు నుంచి ఒక్క మాట కూడా మాట్లాడలేదట.

ఎదురుగా కూర్చుని, ఒక్కో అక్షరం నొక్కి అన్నాను.

“అక్కా, పిక్కిలికి ఇడిసిపెడతాం. పోదామా?”

ఆమె నన్ను చూసింది. నమ్మినట్టు లేదు. లేచింది, వ్యాను దాకా నడిచింది, మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. క్రితంసారి ఇలాంటి మెట్టే ఎక్కింది కదా. మదర్ ముందు ఎక్కి, కూర్చుని, పక్క సీటు తట్టారు. అప్పుడు ఎక్కింది. ఆ రాత్రికి ఆశ్రయంలో ఏడో మంచం.

గురువారం మధ్యాహ్నం ఒంటిగంట పావుకు పిక్కిలిలో ఆ ఇంటి ముందు దిగాం. తాళం అలాగే ఉంది. మేస్త్రీ ఫోను బుధవారం కలిసిందనీ, అక్క బయలుదేరిందనీ పక్కింటావిడ చెప్పింది. తమ ఇంటికి వచ్చి కూర్చోమంటే చెల్లెలు వినలేదు. గడప మీద కూర్చుని, తాళాన్ని రెండుసార్లు లాగి చూసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నేను ఇంటి ముందు నుంచి టీ అంగడికీ, టీ అంగడి నుంచి ఇంటి ముందుకీ నడిచాను. ఒక్కో వైపు నూట పన్నెండు అడుగులు. ఎన్నిసార్లు నడిచానో లెక్కపెట్టలేదు. మదర్ ఆమె పక్కనే నేల మీద కూర్చున్నారు. ఇరవై నిమిషాల నియమం ఆ రోజు పాటించలేదు.

5 గంటల 40 నిమిషాలకు అక్క వచ్చింది. చేతిలో గోనెసంచి, కాళ్ళకు సిమెంటు. సంచి పడేసి, చెల్లెల్ని పట్టుకుని, ఏడవబోయి, చెయ్యి తల మీదికి పోగానే ఆగిపోయింది.

“ఎంట్రికలేమాయె?”

చెల్లెలు తల వంచి గుండు చూపించింది, దొరికిపోయిన పిల్లలా.

“ఎవరు తీసినారు? మూడేండ్ల రెండు నెలలు. దువ్వెన పెట్టకుండా, కత్తెర పెట్టకుండా కాపాడినాను. ఆడి నెలలో అమ్మోరికి ఇస్తే దీనికి తెలివొస్తాదని. ఇప్పుడు అమ్మోరికి నేనేం చెప్పేది?”

పుండు సంగతి నేను చెప్పాను. పురుగుల సంగతి చెప్పాను. ముక్కు అనుకున్న సంగతి, పిట్ట సంగతి, పడమటి కిటికీ సంగతి, అన్నీ చెప్పాను. ఆమె కోపంతో అంతా విని, పిట్ట దగ్గరికి వచ్చేసరికి నన్ను పైనుంచి కిందికి చూసింది.

“నువ్వు సదువుకున్నోడివా సామీ?”

“అవునక్కా.”

“అందుకే,” అంది.

మదర్ తమిళంలో అన్నారు, “నేను కూడా తొమ్మిది రోజులు పిట్టను విడిపించమని ప్రార్థించానమ్మా. నా ప్రార్థన తప్పు చిరునామాకు పోయింది.”

అక్క తమిళంలోనే జవాబిచ్చింది, కొంచెం మెత్తబడి. “పోనీలెండి మదర్. యాడో ఒక పిట్ట తప్పించుకునే ఉంటుంది.” మళ్ళీ నా వైపు తిరిగి తెలుగులోకి వచ్చింది. “మాట మార్చి చెప్పేది నీ పని గదా సామీ? రేపు శుక్రవారం. అమ్మోరికి నువ్వే చెప్పు. మేము తీయలేదని. మొక్కు మరిసింది లేదని. చెప్పకుంటే ఇది మా మీద పడతాది.”

నేను గుడికి వెళ్ళే మనిషిని కాను. అయినా పొద్దున్నే 47.3 కిలోమీటర్లు మళ్ళీ వచ్చాను, వైద్యుడు రాసిచ్చిన పది రోజుల మాత్రలు జేబులో పెట్టుకుని. ఊరి చివర రేకుల కప్పు కింద మూడు రాళ్ళు, పసుపు, వేపమండలు. అక్కాచెల్లెళ్ళు నా వెనక నిలబడ్డారు. మదర్ కూడా వచ్చారు. చెప్పులు విప్పి, రేకు నీడకు అవతల ఎండలో నిలబడ్డారు.

గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. “తల్లీ, ఈ స్త్రీ శిరోజములను తొలగించిన కారణమేమనగా...”

“నిలుపు,” అంది అక్క. “అమ్మోరికి ఆ తెలుగు తెలిసేది లేదు. ఇంట్లో మీ అమ్మతో మాట్లాడినట్ల చెప్పు.”

మళ్ళీ మొదలుపెట్టాను. “అమ్మా, ఈయమ్మ తల పుండై పురుగులు పట్టింటే నర్సమ్మ గుండు గీసింది. మొక్కని తెలీదు. ఈయమ్మ అరిచి చెప్పినాది, ఎవరికీ అర్థం కాలేదు. పిక్కిలికి ఇడిసిపెట్టమని అడిగినాది. నేను పిట్ట అంటిని. తప్పు నాది. వీళ్ళది కాదు.”

“దినాలు చెప్పు,” అంది అక్క. “ఏమేం పోయిందో అన్నీ చెప్పు. అమ్మోరికి లెక్క తెలియాల.”

చెప్పాను. నాకు వచ్చిన పని అదొక్కటే. చెబుతుండగా చెల్లెలు నా పక్కకు వచ్చి నిలబడి, ఒక్కో అంకెకూ తల ఊపింది, సరిపోయిందన్నట్టు. అక్కడ చెప్పిన లెక్క ఇది:

ఇల్లు విడిచి ఉన్నవి ముప్పై ఎనిమిది దినాలు. అందులో నా మాట వల్ల అయినవి పదహారు.

ఆ పదహారు దినాల్లో ఆమెను అటూ ఇటూ తిప్పిన దూరం 316 కిలోమీటర్లు.

అక్కకు పోయిన కూలి ముప్పై ఐదు దినాలది. అమ్మినవి రెండు మేకలు, ఒకటి చూలుది.

కింది వరుసలో ముందు పన్ను ఒకటి.

తల స్కాన్ ఇంకా తీయలేదు. కార్డుకు రాసి ఇచ్చాం; రాలేదు.

పెద్ద ఆశ్రమానికి పోయిన దినం నుంచి ఈ దినం దాకా ఆమె మాట్లాడిన మాటలు, ఏమీ లేవు.

వెంట్రుకలు, మూడేండ్ల రెండు నెలలవి, అన్నీ.